కిటికీకి తెర ఎవరి కోసం?

ఈమధ్య మా పక్కవీధిలో ఒకావిడ పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తూ నాకు కబురు పెట్టారు. "వదినగారూ, ముందుగదికి ఆకుపచ్చ కర్టెన్లు బాగుంటాయా, మీగడ రంగు బాగుంటుందా? గుడ్డల కొట్టుకి మీరు కూడా వస్తే బాగుంటుంది" అన్నారు. నేను వెళ్ళేసరికి సగం సామాను వీధిలోనే వుంది. వీధివైపు వసారా గోడ కొట్టేసి, వసారాని గదిలో కలిపేశారు. తాపీమేస్త్రి పడమటి గోడ మీద సుద్దముక్కతో నిలువెత్తు చదరం ఒకటి గీసి పెట్టాడు. అక్కడ పెద్ద గాజుకిటికీ వస్తుందట. ఇక వంటింట్లో వున్న మూరెడు కిటికీ మాత్రం మూసేసి అక్కడ అలమారు కడతారట. "కిటికీ వల్ల గోడంతా వేస్టయిపోతోందండీ" అన్నాడు మేస్త్రి.

నేను రంగు సంగతి ఎత్తలేదు. "ఈ పడమటెండ గదిలోకి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపుంటుంది?" అని అడిగాను. "అందుకేగా కర్టెన్లు!" అన్నారావిడ నవ్వుతూ.

ఆ ఒక్క మాటా నన్ను పట్టుకుంది. ఎండ వచ్చే చోట గాజు పెట్టి, ఆ గాజుకి గుడ్డ కట్టి, గుడ్డ కట్టిన గదిలో పట్టపగలు దీపం వేసుకోవడం మనకి ఎప్పటినుంచి అలవాటైంది? అంతకుముందు మనవాళ్ళు ఏం చేసేవారు? ఆవిడతో ఆ పూట మాట్లాడినవీ, ఇంటికి వచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేసి పోగుచేసుకున్నవీ కలిపి మీతో చెప్పుకుందామనిపించింది. మీలోనూ ఇల్లు బాగుచేయించుకునేవారు వుంటారుగదా.

ముందు మాటల సంగతి చూడండి. కిటికీ అన్నది హిందీ వారి ఖిడ్కీ నుంచి వచ్చిన మాట. మన పాత పుస్తకాల్లో వుండేది గవాక్షం. అంటే ఆవు కన్ను. ఇంకొకటి వాతాయనం, గాలి వచ్చే దారి. ఇంగ్లీషులో విండో అన్న మాటకి మూలం ఉత్తర ఐరోపా వారి పాతభాషలో గాలి, కన్ను అనే రెండు మాటలేనట. వాళ్ళకి గాలి కన్ను, మనకి ఆవు కన్ను. ఎక్కడి మనుషులకైనా గోడకి చిల్లు పెట్టగానే కన్నే గుర్తొచ్చిందన్నమాట.

మరి తెరో? తెర మనకి కొత్తదేమీ కాదు. పెళ్ళిపీటల మీద వధూవరుల మధ్య తెరసెల్ల పడతారు, జీలకర్ర బెల్లం పెట్టాక తీసేస్తారు. గుళ్ళో నైవేద్యం వేళ తెర వేస్తారు, హారతివేళకి తీసేస్తారు. కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ రాకముందు ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, ఆ తెర మీంచి ఆవిడ జడ ముందు కనబడుతుంది, తరవాతగాని మనిషి కనబడదు. మన తెర ఎప్పుడూ కాసేపు పట్టుకుని దించేసేదే. కిటికీకి కడ్డీ వేసి ఏడాది పొడుగునా వేలాడదీసేది కాదు.

ఎందుకు లేదూ అంటే, ఆ పని ఇల్లే చేసేది గనక.

గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిళ్ళు చూసే వుంటారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మిగిలాయి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన నలుచదరపు చోటు. నాలుగు వైపులనుంచీ వాలిన పెంకుల కప్పు. వాన పడితే నీళ్ళన్నీ ఆ నడిమి గుంటలో పడి తూము గుండా బయటికి పోతాయి. చుట్టూ గదులు, గదుల తలుపులన్నీ మండువాలోకే. వెలుతురు పైనుంచి దిగుతుంది. వేడెక్కిన గాలి అదే దారిన పైకి పోతుంది. బయటి గోడలు మందంగా వుంటాయి. వాటికి కిటికీలు తక్కువ, వున్నవి చిన్నవి. చెక్కరెక్కలు రెండు, లోపల చెక్కకడ్డీలు, కొంచెం తరవాతి కాలంలో ఇనుప ఊచలు. గాజన్నది లేదు. వీధివైపు అరుగు, అరుగు మీదికి వంగిన చూరు. పొడుగాటివాళ్ళు తలవంచి లోపలికి రావలసిందే. విసుక్కునేవాళ్ళం గాని, ఆ చూరు అంత దిగి వుండబట్టే ఎండ గోడని తాకేది కాదు. గోడ కాగకపోతే గది కాగదు.

రాయలసీమ మట్టిమిద్దెల్లో ఇంకో పద్ధతి. గోడలకి చిల్లులే తక్కువ. మిద్దెకప్పులోనే చిన్న కంత విడిచి, దాన్ని గవాచి అంటారు. వానొస్తే మూత వేస్తారు. సంస్కృతంలో గవాక్షం అక్కడి ఆడవాళ్ళ నోట గవాచి అయి, గోడమీంచి కప్పుమీదికి ఎక్కింది! ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డున తుపాను గాలికి ఓర్చుకునే చుట్టిళ్ళు వుండేవి. గుండ్రటి గోడ, నేలదాకా దిగిన తాటాకు కప్పు. వాటికి కిటికీ అనేదే అరుదు.

ఇదంతా విని, పాత ఇళ్ళే మేలు, కొత్తవన్నీ దండగ అనుకుంటారేమో. నేనలా అననండీ. ఆ లోగిళ్ళలో వెలుతురు అందరికీ ఒకటిగా పంచలేదు. అరుగు మగవాళ్ళది. చావడి పెద్దలదీ, అతిథులదీ. ఇంటికి వెనక, చూరు మరీ దిగిన చోట, కట్టెపొయ్యి రాజుకునే వంటిల్లు మనది. పొగ పోవడానికి గోడ పైన ఒక కంత వుంటే వుంది, లేకపోతే పెంకుల సందుల్లోంచి పోవాల్సిందే. మసిబారిన ఆ వంటింట్లో తెల్లవారుజామునుంచీ రాత్రి పొద్దుపోయేదాకా వున్న మనిషికి వీధి కనబడాలంటే తలుపు వారగా తీసి, ఆ సందులోంచి చూడటమే. ఇంట్లో చల్లదనం అందరికీ వుంది, చూపు మాత్రం కొందరికే వుంది.

చూపు సంగతి వచ్చింది గనక ఘోషా మాట కూడా అనుకోవాలి. జమీందారీ కుటుంబాల్లోనూ, ముస్లిం కుటుంబాల్లో కలవారి ఇళ్ళలోనూ స్త్రీలు పరాయివాళ్ళకి కనబడకూడదన్న కట్టుబాటు గట్టిగా వుండేది. హైదరాబాదు పాత దేవిడీల్లో సన్నటి వెదురు పుల్లలు దారంతో అల్లి వేలాడదీసే తెరని చిల్మన్ అనేవారు. రాజస్థాన్‌లో అదే పని రాయి చేసింది. జయపూరులో మహారాజా సవాయి ప్రతాప్ సింగ్ 1799లో కట్టించిన హవామహల్ మీరు క్యాలెండర్ల మీదన్నా చూసివుంటారు. దానికి 953 కిటికీలని చెబుతారు. రాణివాసం ఆ జాలీల వెనక నిలబడి వీధిలో ఊరేగింపులు చూసేది. గాలి సన్నటి కంతల్లోంచి దూరి చల్లగా తగిలేది కాబట్టి హవామహల్ అన్నారు. గాలీ వస్తుంది, చూడటమూ అవుతుంది, చూసేవాళ్ళు మాత్రం వీధికి లేనట్టే! మన విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తూ వచ్చారు. కట్టుబాటు సడలినా దాని పేరు అలా అతుక్కుపోయింది.

చిల్మన్ తెరలో ఒక కిటుకు వుంది. ఇది ఇవాళ్టి వల కర్టెన్లకీ వర్తిస్తుంది, అందుకే చెబుతున్నాను. చీకటివైపు వున్నవాళ్ళకి వెలుతురువైపు కనబడుతుంది, వెలుతురులో వున్నవాళ్ళకి చీకటివైపు కనబడదు. పగలు వీధిలో వెలుతురు, గదిలో నీడ, కాబట్టి లోపలివాళ్ళు క్షేమం. రాత్రి గదిలో దీపం వేశారా, అంతా తారుమారు. పగలు చూసి మురిసిపోయి కొనుక్కున్న పల్చటి తెర, రాత్రి ఎనిమిదింటికి మీ పడకగదిని ఎదుటి మేడవాళ్ళకి నాటకం చేసి చూపిస్తుంది. అందుచేత పడకగదికి పల్చటిదొకటి, దళసరిదొకటి రెండూ కావాలి. దీపం వేయకముందు రెండోది లాగాలి.

ఎండాకాలపు తెర ఇంకొకటుంది, వట్టివేళ్ళ తడిక. మన కిటికీ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ పదహారో శతాబ్దం చివర రాసిన ఐనీ అక్బరీలో ఇల్లు కట్టే సామానుల ధరలు రాస్తూ, సున్నం, ఇటుకలతో పాటు వట్టివేళ్ళు కూడా జాబితాలో వేశాడు. నదుల ఒడ్డున మొలిచే గడ్డి వేళ్ళనీ, ఎండాకాలం వీటితో తడికలు కట్టి ద్వారానికి అడ్డం పెట్టి నీళ్ళు చల్లితే గాలి చల్లగా, సువాసనగా వస్తుందనీ చెప్పి, మణుగు ఒకటిన్నర రూపాయి అని ధర కూడా వేశాడు. చక్రవర్తి కొలువులో వుండి వట్టివేళ్ళ ధర రాసుకున్న మనిషంటే నాకు గౌరవం కలిగింది.

ఇది పనిచేసే తీరు మన కూజా తీరే. తడి ఆరేటప్పుడు గాలిలో వేడిని లాక్కుంటుంది. పొడిగాలి వీచే చోట, అంటే హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వైపు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మచిలీపట్నంలోనో విశాఖలోనో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి తడి త్వరగా ఆరదు, చల్లదనమూ అంతంతమాత్రమే, ఉక్క పెరుగుతుంది. ఎవరో చెప్పారని కొనేముందు మీ ఊరి గాలి ఎలాంటిదో చూసుకోండి. తడిపిన తడికకి వెనక గాలి పోయే దారి కూడా వుండాలి. ఎదుటి కిటికీ మూసేసి, తడిక పనిచెయ్యలేదంటే తప్పు తడికది కాదుగదా.

ఇంతదాకా మన కిటికీకి గుడ్డ తెర లేదన్నాను. దాన్నిబట్టి తెరగుడ్డ చెయ్యడం మనవాళ్ళకి రాదనుకునేరు! మన కిటికీలకి కట్టుకోలేదు గాని, మనం చేసిన గుడ్డలు ఐరోపా వాళ్ళ పడకలకీ, గోడలకీ, కిటికీలకీ వెళ్ళాయి. వెళ్ళి ఎంత గొడవ చేశాయో వినండి.

గోల్కొండ సుల్తానుల రోజుల్లో మచిలీపట్నం పెద్ద రేవు. డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చి స్థావరం పెట్టారు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన సరుకుల్లో మన అద్దకం గుడ్డ ముఖ్యమైనది. ఇప్పుడు మనం కలంకారీ అంటున్నది అదే. నేత గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టేవారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకి పాకదు. ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళతో నల్లటి గీతలు గీసేవారు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూసి, చిరివేరుతో కలిపి కాచేవారు. పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది, మిగతా చోట కడిగితే పోతుంది. నీలానికి నీలిమందు. మధ్యమధ్యన పారే నీళ్ళలో ఎన్నిసార్లు ఉతకాలో లెక్కలేదు. ఇంట్లో ఒక్క చీర రంగు దిగితే మిగతా బట్టలన్నీ పాడుచేసుకునే మనకి ఆ పనితనం విలువ వేరే చెప్పాలా?

ఆ గుడ్డ ఐరోపా ఆడవాళ్ళకి ఎందుకంత నచ్చిందంటే, ఉతికినా రంగు పోదు. అంతవరకూ వాళ్ళకున్నవి ఉన్ని తెరలు, పట్టు తెరలు, ఉతకడానికి వీల్లేనివి. మనవి తేలిక, ఉతికితే మళ్ళీ కొత్తవి. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళపు ఉద్యోగి రోజూ డైరీ రాసేవాడు. 1663 సెప్టెంబరులో భార్య చదువుకునే గదిలో గోడలకి కట్టడానికి ఇండియా అద్దకం గుడ్డ కొన్నట్టు అందులో రాసుకున్నాడు. కంపెనీవారు అంతకుముందే, 1643లో, ఇక్కడికి ఉత్తరం రాసి, పంపే దుప్పట్ల మీద ముదురు ఎరుపు నేల తగ్గించి తెల్లనేల మీద పువ్వులూ కొమ్మలూ వేయించండి అని అడిగారు. అంటే ఎక్కడో లండన్ ఇల్లాలి ఇష్టాన్నిబట్టి ఇక్కడి అద్దకంవారు కలం తిప్పారన్నమాట. ఆ గుడ్డని వాళ్ళు చింట్స్ అన్నారు. మన తెలుగులో చీటిగుడ్డ అనే మాట వుంది చూడండి, అదీ ఇదీ ఒక తల్లి బిడ్డలే.

అక్కడి నేతగాళ్ళకి కడుపు మండింది. మండదూ మరి! ఫ్రాన్సులో 1686లోనే అద్దకం గుడ్డలని నిషేధించారు. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండులో 1701 నుంచి మన అద్దకం గుడ్డలు దేశంలో వాడకానికి తేకూడదన్నారు. తెల్లగుడ్డ తెప్పించుకుని అక్కడే అద్దుకోవడం మొదలుపెట్టారు. దానితోనూ నేతగాళ్ళ బాధ తీరలేదు. 1719లో లండన్ నేతగాళ్ళు గుంపులుగా బయల్దేరి, అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళని వీధిలో పట్టుకుని బట్టలు చింపారు, మీద సిరా పోశారు. పొట్ట మీద కొట్టింది కంపెనీ వర్తకులు, చింపింది మాత్రం వీధిలో వెళ్ళే ఆడదాని గౌను! చివరికి 1721లో పార్లమెంటు చట్టం చేసింది. మరుసటి ఏడాది క్రిస్మస్ తరవాత అద్దకం నూలుగుడ్డ ఒంటి మీద వుండకూడదు. పక్కకి గాని, కుర్చీకి గాని, కిటికీ తెరకి గాని వాడకూడదు. కట్టుకున్నందుకు అయిదు పౌన్ల జరిమానా. కిటికీ తెర మీద చట్టమేమిటని మనకి నవ్వొస్తుంది. ఆ తెరల వెనక ఎంత డబ్బు కదులుతూ వుంటే పార్లమెంటు కూర్చుని వాటిని లెక్కపెట్టింది!

చట్టం వచ్చినంతమాత్రాన మోజు పోలేదు. డేవిడ్ గారిక్ అని ఆ కాలపు మహానటుడు. ఆయన భార్య ఒకప్పటి నర్తకి. వారి పడకకి తెరలుగా కట్టుకోవడానికి కలకత్తానుంచి స్నేహితులు అద్దకం గుడ్డలు పంపారు. మన కోరమాండల్ తీరంలో తయారైనవవి. కస్టమ్సువాళ్ళు పట్టుకుపోయారు. 1775లో గారిక్ ఒక అధికారికి బతిమాలుతూ ఉత్తరం రాశాడు. మా ఆవిడ తెరల కోసం ఎంత కుమిలిపోతోందో అని అందులో వర్ణించాడు. దేశమంతా చప్పట్లు కొట్టే నటుడు ఇంట్లో ఆవిడ కర్టెన్ల కోసం ఆఫీసుల చుట్టూ కాయితాలు రాసుకున్నాడంటే మనింటి సంగతిలాగానే లేదూ! ఆ పడకా, ఆ తెరలూ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వున్నాయి.

అలాంటి పాత గుడ్డల్లో చాలావాటి మీద ఆకులు నీలంగా కనిపిస్తాయి. అసలు ఆకులు ఆకుపచ్చవే. నీలం మీద పసుపు పూసి పచ్చ తెచ్చేవారు. ఎండకీ వెలుతురుకీ పసుపు ముందు ఎగిరిపోయి నీలం మిగిలింది. మీరు కలంకారీ తెర కొనుక్కుంటే ఇది గుర్తుంచుకోండి. ఎర్రటెండ తగిలే కిటికీకి ఆ గుడ్డ వద్దు, తూర్పుకో ఉత్తరానికో కట్టండి. తప్పదంటే వెనక తెల్లటి లైనింగు వేయించండి.

ఇంగ్లండులో ఆ చట్టం 1774లో తీసేశారు. అప్పటికి వాళ్ళ అద్దకం మిల్లులు నిలదొక్కుకున్నాయి. తరవాతి కథ మీకు తెలిసిందే. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు గుడ్డ ఓడలకెత్తి మన దేశానికే వచ్చి పడింది. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచేసింది. ముప్ఫైవేల ప్రాణాలు పోయాయంటారు. అద్దకంవారిలో కొందరు పెర్షియా దేశానికి సరుకు పంపుకుంటూ కొన్నాళ్ళు నిలబడ్డారు. ఆ పని మచిలీపట్నం పక్కనే పెడనలో అచ్చులతో ఇప్పటికీ సాగుతోంది.

ఇంగ్లండువాళ్ళ కిటికీ చరిత్ర మాత్రం సుఖంగా సాగిందా అంటే అదీ లేదు. 1696నుంచి 1851దాకా వాళ్ళకి కిటికీల మీద పన్ను వుండేది. ఇన్ని కిటికీలకి ఇంత అని. పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు. అద్దెకిచ్చే ఇళ్ళవాళ్ళు ముందుగా మూసిందెక్కడంటే పనివాళ్ళూ పేదవాళ్ళూ వుండే గదులకే. చీకట్లో, గాలిలేక జబ్బులు ముదురుతున్నాయని డాక్టర్లు మొత్తుకోగా మొత్తుకోగా పన్ను తీసేశారు.

గాజూ, గుడ్డ తెరా రెండూ కలిసి మన ఊళ్ళకి వచ్చింది దొరల బంగళాలతో, ఆఫీసర్ల క్వార్టర్సుతో. అయితే ఆ బంగళాలకీ చుట్టూ వెడల్పాటి వరండా వుండేది. తెర అలంకారానికి, ఎండని ఆపేది వరండా. తరవాత సిమెంటు స్లాబు వచ్చింది, స్థలం ఖరీదు పెరిగింది. మండువా పోయింది. చూరు పోయి రెండడుగుల సన్‌షేడ్ అయింది. మిగిలిన కాస్త వసారాకీ గ్రిల్లు పెట్టి, పిల్లాడి చదువుకో, అద్దెకో గది చేసేశాం. ఎండ నేరుగా గాజు మీద పడింది. అప్పుడు గుడ్డని పిలిచి, చూరూ అరుగూ మండువా చేసిన పనంతా నువ్వు చెయ్యమన్నాం.

అది గుడ్డ వల్ల అయ్యేపని కాదు. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక కర్టెన్ అడ్డుకుంటే, కర్టెన్ కాగుతుంది. ఆ వేడి గదిలోనే వుండిపోతుంది. ఎండని ఆపాలంటే గాజుకి బయటే ఆపాలి. మా పక్కవీధి ఆవిడకి నేను చెప్పింది ఇదే. పడమటి కిటికీకి అయిదారొందల కర్టెన్‌కన్నా బయట వేలాడే వెదురు తెర, పందిరెక్కిన రాధామనోహరం తీగ ఎక్కువ పని చేస్తాయి. పడమటెండ వాలుగా వస్తుంది కాబట్టి పైన సన్‌షేడ్ వున్నా దానికింద నుంచి దూరిపోతుంది.

దక్షిణం గురించి చాలామందికి అనవసరపు భయం. మనవైపు, హైదరాబాదే తీసుకుంటే, మే రెండోవారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే వుంటాడు. దక్షిణపు గోడకి ఆ రోజుల్లో ఎండ తక్కువ. మార్గశిర పుష్యాల్లో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, అప్పుడు లోపలికి వచ్చే ఎండ పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ హాయి. దక్షిణపు కిటికీకి మామూలు సన్‌షేడ్ చాలు. ఉత్తరం వెలుతురు ఎప్పుడూ మెత్తగా వుంటుంది, కుట్టు మిషనుకి అంతకన్నా మంచి చోటు లేదు.

కిటికీ ఎంత వుండాలంటే, మన దేశపు కట్టడాల నియమావళిలో ఒక లెక్క వుంది. పొడి వేడి ప్రాంతాల్లో గది నేలలో పదోవంతు, ఉక్కపోసే ప్రాంతాల్లో ఆరోవంతు. పన్నెండూ పదీ అడుగుల గది అయితే నూటఇరవై చదరపుటడుగులు. హైదరాబాదులో పన్నెండు అడుగుల కిటికీ, కాకినాడలో ఇరవై అడుగులది. అదైనా ఒకే గోడకి కాకుండా ఎదురెదురుగా పంచాలి. గాలి వచ్చే దారి మాత్రమే పెట్టి పోయే దారి పెట్టకపోతే, గాలి గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయే మొహమాటస్తుడి లాంటిది.

గుడ్డ విషయానికొస్తే నేను చెప్పేది కొంచెమే. వెడల్పు కిటికీకి రెట్టింపు తీసుకోండి, అప్పుడే మడతలు నిండుగా పడతాయి. నూలుగుడ్డ కుట్టించేముందు ఒకసారి తడపండి, లేదా కింద మడత నాలుగంగుళాలు వదలండి, మొదటి ఉతుకులోనే కురచవుతుంది. కడ్డీని కిటికీకన్నా అటూ ఇటూ ఆరంగుళాలు పొడుగు పెట్టిస్తే తెర పూర్తిగా పక్కకి పోయి కిటికీ అంతా తెరుచుకుంటుంది. ఎత్తి పెట్టలేని తెర తెర కాదని నా పట్టుదల.

ఇక వంటిల్లు. గ్యాసు పొయ్యి వచ్చాక పొగ లేదుగదా, కిటికీ ఎందుకన్నది మేస్త్రి వాదన. నేనావిడని అడిగాను: "ఈ ఇంట్లో మీరు రోజుకి ఎన్ని గంటలు ముందుగదిలో కూర్చుంటారు, ఎన్ని గంటలు ఇక్కడ నిలబడతారు?" ఆవిడ జవాబు చెప్పలేదు. వాళ్ళ అత్తగారు, వెనక పీట మీద కూర్చుని కరివేపాకు దూస్తున్నావిడ, "నలభై ఏళ్ళుగా నేనీ మూరెడు కంతలోంచే లోకాన్ని చూశానమ్మా, దాన్నీ మూసేస్తారా?" అన్నారు. మేస్త్రి సుద్దముక్క చెవి మీద పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నెల తరవాత గృహప్రవేశంలా చిన్న పేరంటం చేసి పిలిచారు. పడమటి గోడ మీద సుద్దచదరం లేదు. అక్కడ నేలనుంచి అటకదాకా అలమారు కట్టారు. ఎండ గోడని కాల్చినా ఆ వేడి అలమారులోని దుప్పట్లకే. గాజుకిటికీ తూర్పు గోడకి వెళ్ళింది. వంటింటి కిటికీ నాలుగడుగులైంది. దానికి పెడన అచ్చు గుడ్డతో సగం తెర కట్టారు, కింది సగానికి మాత్రమే. పై సగంలో పక్కింటి వేపచెట్టూ, వీధి మలుపూ కనబడుతున్నాయి. అత్తగారి పీట కూడా కిటికీ కిందికి జరిగింది.

ముందుగదికి ఏ రంగు తెర కట్టారని అడుగుతారేమో. ఇంకా కొనలేదట. తూర్పు కిటికీకి తెర కావాలో వద్దో వేసవి చూశాక తేల్చుకుంటామన్నారు.